ఏజెన్సీ గ్రామాలకు వెళ్లే ముందు: చిన్న గుంపులను నడిపించే యౌవనస్థులను సిద్ధం చేయడం

విశాఖపట్నంలోని చాలా సంఘాల నుంచి వేసవి సెలవుల్లో యౌవనస్థుల బృందాలు అరకు, పాడేరు వైపు మిషన్ ట్రిప్‌లకు బయలుదేరుతుంటాయి. బస్సు మాట్లాడడానికి, వంటసామాను సర్దడానికి, పాటల కాగితాలు అచ్చు వేయించడానికి నెల ముందే మనుషులు దొరుకుతారు గాని, ఆరేడుగురు పిల్లలను ఐదు రోజుల పాటు వెంటబెట్టుకుని తిరగవలసిన ఇరవై ఏళ్ల గుంపు నాయకుణ్ణి సిద్ధం చేయడానికి మాత్రం బయలుదేరే ముందు రాత్రి జరిగే గంటసేపు ప్రార్థన తప్ప మరేమీ మిగలదు. ఆ గంట సరిపోదు. ఎనిమిది వారాలు కావాలి. ఆ ఎనిమిది వారాలను ఎలా వాడుకోవాలో కాపరులకు, యౌవనస్థుల కూడికలు నడిపే పెద్దలకు చెప్పడం కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి రోజుల్లో నేను కూడా బాగా వాక్యం చెప్పగలిగిన వారిని, బాగా పాడగలిగిన వారిని చూసి నాయకులుగా నియమించేవాణ్ణి. ఒక ఏడాది డుంబ్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో, రెండో రోజు సాయంత్రం, పదిహేనేళ్ల కుర్రవాడొకడు తన గుంపులో కూర్చుని, "నేను ప్రార్థన చేస్తే దేవుడు వింటున్నాడో లేదో నాకు తెలియడం లేదన్నయ్యా" అన్నాడు. గుంపు నాయకుడు క్షణం కూడా ఆగలేదు. కీర్తనల నుంచి రెండు వచనాలు చదివాడు, విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పాడు, "అర్థమైందా తమ్ముడూ?" అని అడిగి ప్రార్థనతో ముగించేశాడు. వచనాలు సరైనవే. కుర్రవాడు తలూపాడు. మిగిలిన మూడు రోజులూ ఆ గుంపులో అతడు మళ్లీ నోరు విప్పలేదు. నాయకుడిని నేను తప్పు పట్టలేదు. జవాబులు చెప్పడం నేర్పి, వినడం నేర్పకుండా అతణ్ణి కొండల మీదికి పంపింది నేనే. అప్పటి నుంచి మా శిక్షణలో ముందు వరుసకు వచ్చింది ప్రసంగం కాదు, వినడం.

ఎవరిని ఎంచుకోవాలి

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే మామయైన యిత్రో, ప్రజల భారమంతా ఒక్కడివే మోస్తే నలిగిపోతావని అల్లుణ్ణి హెచ్చరించి, వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి నాయకులను నియమించుకొమ్మని సలహా ఇస్తాడు. సామర్థ్యం, దైవభక్తి, సత్యాసక్తి, లంచాన్ని అసహ్యించుకునే గుణం ఉన్నవారిని చూడమంటాడే గాని, వాక్చాతుర్యం ఉన్నవారిని చూడమనడు. ఆ సలహా విన్న మోషే కూడా నోటి మాంద్యం గలవాడినని దేవునితో చెప్పుకున్నవాడే. కనుక ఎంపిక చేసే పెద్దలు మైకు ముందు నిలబడినవారిని కొంతసేపు పక్కన పెట్టి, ఆరాధన ముగిశాక చాపలు చుట్టడానికి ఎవరు ఆగుతున్నారో, కొత్తగా వచ్చి మూలన కూర్చున్న పిల్లవాడి పక్కకు ఎవరు వెళ్తున్నారో, చెప్పిన వేళకు ఎవరు వస్తున్నారో రెండు నెలల పాటు గమనించాలి.

నాయకులకు 18 ఏళ్లు నిండి ఉండాలి. ఒక గుంపులో ఆరుగురు లేదా ఏడుగురికి మించకూడదు, ప్రతి గుంపుకు ఒక నాయకుడు, ఒక సహాయకుడు ఉండాలి, అమ్మాయిల గుంపును అమ్మాయిలే నడిపించాలి. ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరినిగా పంపాడని లూకా 10వ అధ్యాయంలో చదువుతాం. దానిలోని తెలివి యాత్రలో మొదటి రోజే తెలిసివస్తుంది. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవారు పిల్లల ముఖాలు చూడగలరు. ఒక పిల్లవాడికి జ్వరం వస్తే ఒకరు ఆసుపత్రికి వెళ్లి, ఒకరు గుంపుతో ఉండిపోగలరు. ఈ ఇద్దరినీ కలిపేటప్పుడు ప్రాణస్నేహితులను జత చేయవద్దు. వారు రోజంతా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, పిల్లలు చూస్తూ ఉండిపోతారు. కలుపుగోలు మనిషికి నెమ్మది మనిషిని జతచేయడం మేలు.

పేర్లు ఖాయం చేసే ముందు వారి ఇళ్లకు వెళ్లాలి. మన ఇళ్లలో ఐదు రాత్రులు పిల్లలు బయట ఉండడమనేది, అందులోనూ ఆడపిల్ల ఉండడమనేది, ఒక సంతకంతో తేలే విషయం కాదు. కాపరిగారు, ఒక స్త్రీ పెద్ద కలిసి వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, ఎక్కడ పడుకుంటారు, ఎవరు తోడుంటారు, ఫోన్ అందని చోట కబురు ఎలా తెలుస్తుంది అన్న మూడు సంగతులూ వివరంగా చెప్పాలి. వారు వద్దంటే ఒత్తిడి చేయకూడదు.

శనివారం సాయంత్రాలు

మార్చి నెల పరీక్షల హడావిడిలో గడిచిపోతుంది గనుక, ఏప్రిల్ మొదటి శనివారం మొదలుపెట్టి మే నాలుగో వారం వరకు ఎనిమిది శనివారాలు, సాయంత్రం రెండేసి గంటలు పెట్టుకుంటే, మే చివర్లో యాత్రకు బయలుదేరవచ్చు. ప్రవేశ పరీక్షలు రాసేవారిని ఆ ఏడాదికి వదిలేయండి. చైత్రమాసంలో ఏజెన్సీ గ్రామాల్లో ఇటుకల పండుగ జరుగుతుంది. అది వారు వారి మధ్య జరుపుకునే సంబరం, ఆ రోజుల్లో మనం వెళ్లి ప్రత్యేక కూడికలు పెట్టడం మర్యాద కాదు. మే నెలలో మరో సంగతి ఉంది: కొండల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన, పిడుగులు తరచుగా వస్తాయి. నాయకులందరికీ మొదటి వారంలోనే ఇది చెప్పి, మబ్బు పట్టగానే పిల్లలను చెట్ల కిందికి కాక పక్కా కప్పు కిందికి చేర్చడం అలవాటు చేయించాలి.

మొదటి రెండు శనివారాలు మేము మందిరంలో కాక రామకృష్ణా బీచ్‌లో, ఐదున్నర దాటి ఎండ తగ్గాక, ఇసుకలో కూర్చుని గడుపుతాం. లూకా 24వ అధ్యాయంలోని ఎమ్మాయు మార్గపు వృత్తాంతం చదువుతాం. పునరుత్థానుడైన ప్రభువుకు జరిగినదంతా తెలుసు, అయినా ఆ ఇద్దరినీ, మీరు నడుస్తూ మాట్లాడుకుంటున్నది ఏమిటని అడుగుతాడు, వాళ్లు తమ నిరాశనంతా చెప్పుకునే దాకా వింటాడు, లేఖనాలు వివరించడం ఆ తరువాతనే. నాయకులలో ఒకరు ఈ భాగం నుంచి ఒక ప్రశ్న అడగాలి. అడిగాక, మూడు అలలు వచ్చి వెనక్కి వెళ్లేవరకు నోరు తెరవకూడదు. ఇదే మా నియమం.

వినడానికి తేలికగా ఉంటుంది. చేసి చూడండి. పోయిన ఏడాది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి, "నడుస్తూ నడుస్తూ వాళ్లు దేని గురించి దుఃఖపడి ఉంటారు?" అని అడిగింది. మొదటి అల వచ్చి వెళ్లింది. ఆమె వేళ్లు ఇసుకలో గుంట తీయడం మొదలుపెట్టాయి. రెండో అల వచ్చింది. ఆమె నావైపు చూసింది, ఎవరూ చెప్పడం లేదు, నేను చెప్పేయనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. మూడో అల నురగ ఇంకా ఇసుకలో ఇంకుతుండగా, అంతవరకు ఒక్క మాటా మాట్లాడని ఒక కుర్రవాడు, "వాళ్లు నమ్ముకున్న మనిషి పోయాడు కదక్కా. మా నాన్న పోయినప్పుడు మా ఇంట్లో కూడా అందరం ఒకటే మాట తిప్పి తిప్పి మాట్లాడుకున్నాం" అన్నాడు. ఆ తరువాత ఆ సాయంత్రం ఎవరికీ ప్రశ్నలు అందించవలసిన అవసరం రాలేదు. కొండల్లో అలలు లేవు గనుక, అక్కడ నాయకులు మనసులో నెమ్మదిగా పదిహేను లెక్కపెట్టుకుంటారు.

ప్రశ్నలు తయారు చేయడం కూడా నేర్పాలి. "ఈ వాక్యం మనకు ఏం నేర్పిస్తోంది?" అని అడిగితే సండే స్కూల్‌లో పెరిగిన పిల్లలందరూ "ప్రేమించాలి", "క్షమించాలి", "ప్రార్థించాలి" అనే మూడు జవాబులలో ఒకటి అందిస్తారు, ఎందుకంటే అవి ఎప్పుడూ తప్పు కావని వారికి తెలుసు. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలూ అంతే. "ఈ కథలో నువ్వు ఉంటే ఎక్కడ నిలబడి ఉండేవాడివి?", "ఏ మాట నీకు మింగుడుపడటం లేదు?", "నిన్న నువ్వు చూసినవాటిలో ఈ కథ లాంటిది ఏమైనా ఉందా?" వంటివి పిల్లలను వారి సొంత మాటల్లోకి తెస్తాయి. ప్రతి నాయకుడూ యాత్రకు ఎంచిన ఐదు వాక్యభాగాలకు, భాగానికి నాలుగు చొప్పున, తన చేతిరాతతో ప్రశ్నలు రాసి చూపించాలి. మేము సగం కొట్టేసి తిరిగి రాయిస్తాం. నోట్‌బుక్ నిండా కొట్టివేతలు ఉన్న నాయకుడే యాత్రలో తడబడడని మా అనుభవం.

మూడు, నాలుగు వారాల్లో ఊళ్లోకి పంపుతాం. ఒక శనివారం ఇద్దరిద్దరుగా పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, బేరం తగ్గిన వేళ చూసుకుని, ఒక అమ్మకందారుతో పావుగంట మాట్లాడి రావాలి. తమ గురించి ఏమీ చెప్పుకోకూడదు, అవతలి మనిషి ఏ ఊరినుంచి వచ్చారో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఈ వేసవి వ్యాపారం ఎలా ఉందో తెలుసుకుని రావాలి. మరుసటి వారం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బయటికి. ఏజెన్సీ నుంచి పెద్ద జబ్బులతో వచ్చే రోగులను ఈ ఆసుపత్రికే పంపిస్తారు గనుక, వారి బంధువులు రోజుల తరబడి ఆ ఆవరణ చుట్టుపక్కల చెట్ల నీడన కనిపిస్తారు. మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చి, వారు మాట్లాడాలనుకుంటే పక్కన కూర్చుని వినాలి. అక్కడ సువార్త కరపత్రాలు పంచవద్దని నేను గట్టిగా చెబుతాను. మంచం మీద బిడ్డ ఉన్న తల్లికి మనం కాగితం చేతిలో పెడితే, మజ్జిగకు బదులుగా ఏదో అడుగుతున్నామనిపిస్తుంది. తనకోసం ప్రార్థించమని ఆమె అడిగితే ప్రార్థించవచ్చు. ఈ రెండు వారాలూ దాటినవారిలో చాలామంది, కొండ మీది ఊళ్లో గుమ్మం ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలియక తికమకపడరు.

ఈ శిక్షణకు మన ఊరి చరిత్రే ఒక పాఠం. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరుకున్నారు. వారు ముందుగా చేసిన పని తెలుగు నేర్చుకోవడం. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి పక్కన కూర్చుని సహాయపడగా సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి చేతిమీదుగా తయారైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తమ పని పుస్తకంగా చూడకుండానే వెళ్లిపోయిన ఆ ఇద్దరి గురించి ఒక సాయంత్రం మాట్లాడుకున్నాక, ఐదు రోజుల్లో ఎంతమంది చేతులెత్తారో లెక్కపెట్టుకుని రావాలన్న ఆత్రం మా యౌవనస్థులలో కొంత తగ్గడం గమనించాను. వారు నేర్చుకున్నది మనం పుట్టుకతో మాట్లాడే భాషను. మనం వెళ్లే ఊళ్లలో కువి, ఆదివాసీ ఒడియా వంటివి ఇంటి భాషలు. కనీసం పలకరింపులు, "నీ పేరేమిటి", "అమ్మ ఎక్కడ", "బాగుంది" వంటి పది మాటలు ఆ ఊరి దైవసేవకుని దగ్గర ఫోన్‌లో నేర్చుకుని, ప్రతి నాయకుడూ తన గుంపుకు నేర్పాలి. "ఏజెన్సీవాళ్లు" అంటూ వారి ఎదుటే వారి గురించి మూడో మనుషుల్లా మాట్లాడే అలవాటు కూడా ఈ వారాల్లోనే మాన్పించాలి.

అతిథిగా ఉండడం

యోహాను 4వ అధ్యాయంలో బావి దగ్గర మొదట నీళ్లు అడిగినది ఎవరు? ఈ ప్రశ్న వేస్తే చాలామంది పిల్లలు సమరయ స్త్రీ అంటారు. పుస్తకం తెరిచి చూడమనాలి. అడిగినది ప్రభువే. అలసి, దాహంతో, చేదుకోవడానికి పాత్ర కూడా లేక, ఆమె చేతి నీళ్లు అడుగుతూ ఆయన మాట మొదలుపెట్టాడు. మనం పంచిపెట్టడానికి సంచుల నిండా నోట్‌బుక్కులు, బిస్కెట్లు మోసుకుపోతాం గాని, పుచ్చుకోవడానికి ఎవరినీ సిద్ధం చేయం.

ఒకసారి మా అమ్మాయిల గుంపు ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆమె లోపలికి వెళ్లి ఒక గిన్నెలో చోడంబలి (రాగి అంబలి) తెచ్చి, ముందు ఒక గ్లాసులో పోసి చేయి చాచింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి చేయి తన నీళ్ల సీసా మీదికి వెళ్లింది. గుంపు నాయకురాలు రెండు చేతులతో గ్లాసు అందుకుని, గటగటా తాగి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అంది. ముసలమ్మ పళ్లు లేని నోటితో నవ్వి, మళ్లీ పోసింది. ఆ తరువాత మిగతా పిల్లలూ ఒక్కొక్కరే గ్లాసు అందుకున్నారు. ఆ నాయకురాలికి మేము ఈ ఒక్క విషయం ముందే చెప్పి ఉంచాం: ఊళ్లో వండి చల్లార్చినది పెడితే నువ్వే ముందు తిను, ఎవరికైనా నిజంగా పడకపోతే ఆ సంగతి నువ్వే వారి తరఫున మర్యాదగా చెప్పు, పచ్చినీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్తపడు. పిల్లలు ఎప్పుడూ నాయకురాలి చేతులనే చూస్తారు.

ఊళ్లో అడుగుపెట్టే ముందు ఊరి పెద్దలను, సర్పంచ్‌ను కలిసి ఎందుకు వచ్చామో చెప్పాలి, అక్కడి సేవకుని మాట ప్రకారం నడుచుకోవాలి. సంత రోజున ఊరు ఖాళీగా ఉంటుంది గనుక ఆ రోజు ఏదో ముందే కనుక్కోవాలి. ఫొటోలు తీయడం విషయంలో మా నియమం కఠినం: పిల్లల ఫొటోలు తల్లిదండ్రులను అడగకుండా తీయకూడదు, తీసినవాటిని స్టేటస్‌లో పెట్టకూడదు.

చట్టం గురించి యౌవనస్థులకు స్పష్టంగా చెప్పాలి, భయపెట్టకుండా చెప్పాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును అందరికీ ఇస్తుంది. అయితే ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరకు దాటి కొంచెం ముందుకు వెళ్తే ఒడిశా సరిహద్దు. బలవంతంగా, మోసంతో, ఆశచూపి మతం మార్చడాన్ని నిషేధించే చట్టం అక్కడ 1967లోనే వచ్చింది. కనుక సరుకులో, మందులో, డబ్బో ఇచ్చి ఆ వెంటనే ప్రభువును అంగీకరించమని అడగడం ఎక్కడైనా చేయకూడని పని. చట్టం లేకపోయినా అది సువార్తకు అవమానమే. ఇతరుల దేవుళ్ల గురించి, ఆచారాల గురించి ఒక్క చులకన మాట కూడా రాకూడదు, గుడుల దగ్గర కూడికలు పెట్టకూడదు. విదేశాల నుంచి బంధువులు సెలవుల్లో వచ్చి మేమూ వస్తామంటే, టూరిస్ట్ వీసా మీద వచ్చినవారు మత ప్రచారంలో పాల్గొనకూడదని నెమ్మదిగా చెప్పి, ఇంటి దగ్గర ప్రార్థన చేయమనాలి.

తలల లెక్క, తలుపు నియమం

ఆరో శనివారం పూర్తిగా భద్రతకే. పాసింజర్ రైల్లో వెళ్లే బృందాలకు కొత్తవలస–కిరండూల్ మార్గం మొదటి పరీక్ష. శృంగవరపుకోట దాటి రైలు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, పెట్టె చీకటైన ప్రతిసారీ పిల్లలు కేకలు వేస్తారు, లోయ చూడాలని తలుపు దగ్గరికి పరుగెడతారు. తలుపు దగ్గర ఒక సహాయకుడు రైలు దిగేవరకు నిలబడాలి. ప్రతి పిల్లవాడికీ ఒక సంఖ్య ఇచ్చి, నాయకుడు చెయ్యెత్తగానే ఒకటి, రెండు, మూడు అని వరుసగా పలకడం అలవాటు చేయాలి. పలకని సంఖ్య ఎవరిదో వెంటనే తెలుస్తుంది. బొర్రా గుహల స్టేషన్లో రైలు ఆగినప్పుడు, అరకులో దిగినప్పుడు, ఊళ్లో ఒక వీధి నుంచి మరో వీధికి కదిలినప్పుడు ఈ లెక్క జరగాలి. మేము దీన్ని బీచ్‌లో జనం మధ్య పదిసార్లు సాధన చేయిస్తాం.

అంతకంటే బరువైన సంగతి పిల్లల మీద వేధింపులకు తావివ్వకపోవడం. ఏ నాయకుడూ ఏ పిల్లవాడితోనూ, పిల్లతోనూ మూసిన తలుపు వెనుక ఒంటరిగా ఉండకూడదు. విడిగా మాట్లాడవలసి వస్తే అందరికీ కనిపించే చోట, వినపడనంత దూరంలో కూర్చోవాలి. రాత్రి ప్రార్థన తరువాత నాయకులు పిల్లలకు ఫోన్లో సందేశాలు పంపకూడదు. ఒక పిల్లవాడు తనకు జరిగినది చెప్పుకుంటే, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వవద్దని నాయకులకు మరీమరీ చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచిపెట్టడం శిక్షార్హం. సంఘం పరువు పోతుందని నసిగే పెద్దలు ఉంటే, ఆ పెద్దలను ముందు కూర్చోబెట్టి మాట్లాడి, అప్పుడే యాత్రకు అనుమతి అడగాలి. పిల్లల సహాయానికి 1098, అంబులెన్సుకు 108 నంబర్లు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో అందరు నాయకుల నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి, ఎందుకంటే సిగ్నల్ లేని చోట ఫోన్లో వెతకడం కుదరదు. దోమతెరలు, పొడుగు చేతుల చొక్కాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టార్చిలైట్లు సామాను జాబితాలో ఎలాగూ ఉంటాయి.

సాయంత్రపు కూడిక

చివరి రెండు శనివారాలు దీనికోసం అట్టిపెట్టండి. రోజంతా జరిగినది ఏమిటో పిల్లలకు అర్థమయ్యేది రాత్రి భోజనానికి ముందు, గుంపుగా కూర్చున్న ముప్పావు గంటలోనే. పన్నెండు అపొస్తలులు తిరిగి వచ్చి తాము చేసినవి, బోధించినవి అన్నీ ప్రభువుకు చెప్పుకున్నారని, ఆయన వారిని ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకొమ్మన్నాడని మార్కు 6వ అధ్యాయంలో ఉంది. పని, నివేదన, విశ్రాంతి: ఈ వరుస చెడకూడదు.

మూడు ప్రశ్నలు చాలు. ఈ రోజు నువ్వు ఏం చూశావు? నీకు బరువుగా అనిపించినది ఏది? రేపు మన గుంపు ఏం మార్చుకోవాలి? మొదటి ప్రశ్నకు అభిప్రాయాలు కాక చూసినవే చెప్పాలి. "అక్కడ చాలా బీదరికం ఉందన్నయ్యా" అంటే, "నువ్వు కళ్లతో ఏం చూశావో చెప్పు" అని అడగాలి. "ఒక పాప తమ్ముణ్ణి చంకనెత్తుకుని మన ఆటలు చూస్తూ నిలబడింది, తను ఆడలేదు" అని వస్తుంది. ఆ మాటతో మరునాడు ఆ తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఒక సహాయకుణ్ణి పెడతారు, ఆ పాప ఆడుతుంది. రెండో ప్రశ్న దగ్గర మౌనం వస్తుంది, అక్కడే పదిహేను లెక్కపెట్టడం పనికివస్తుంది. ఎవరైనా ఏడిస్తే నాయకుడు వచనం వెతకకూడదు, ముందు నీళ్లు ఇవ్వాలి, తరువాత "ఇంకా చెప్పాలని ఉందా?" అని అడగాలి. వచనానికి వేళ వస్తుంది, అది ప్రార్థనలో కూడా రావచ్చు. అందరూ "దేవుడు గొప్ప కార్యాలు చేశాడు" అని మాత్రమే చెబుతున్నారంటే, ఆ గుంపులో నిజం చెప్పడానికి భయపడుతున్నారని గ్రహించి, నాయకుడే తనకు ఆ రోజు కష్టమైనది ఒకటి ముందుగా చెప్పాలి.

మూడో రోజుకు తగాదాలు వస్తాయి. నిద్ర తక్కువై, స్నానానికి నీళ్లు చాలక, ఎవరు ఎక్కువ పని చేస్తున్నారన్న లెక్కలు మొదలవుతాయి. శిక్షణలో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదివించి, పౌలు, బర్నబాల వంటివారే మార్కు అనబడిన యోహాను విషయంలో తీవ్రంగా విభేదించి విడిపోయారని చెప్పడం మంచిది, ఎందుకంటే గొడవ రాగానే తమ ఆత్మీయత ఓడిపోయిందని యౌవనస్థులు కుంగిపోతారు. ఇద్దరినీ విడివిడిగా విన్నాకనే కలిపి కూర్చోబెట్టాలి, అదే రోజు నిద్రకు ముందు. మధ్యలో వెనుదిరిగిన ఆ మార్కునే పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, వెంటబెట్టుకుని రమ్మని, పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని కోరుకున్నాడు. యాత్రలో ఇంటిమీద బెంగతో ఏ పనీ చేయలేకపోయిన పిల్లవాడి పేరు ఏ నాయకుడూ ఎగతాళిగా ఎత్తకూడదు. వచ్చే ఏడాది అతణ్ణి అడగండి.

పిల్లలు పడుకున్నాక నాయకులందరూ కాపరిగారితో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఇది వారి కోసం. రోజంతా విన్నవారిని వినేవారు లేకపోతే, నాలుగో రోజుకు వారే పిల్లల మీద విసుక్కుంటారు. పదిన్నరకల్లా దీపాలు ఆర్పాలి. తెల్లవారుజాము ప్రార్థనకు లేవాలన్న ఉత్సాహంతో రాత్రి ఒంటిగంట వరకు పాటలు పాడే బృందాలు రెండో రోజు మధ్యాహ్నానికి పిల్లలను నడిపించలేవు.

తిరిగి వచ్చాక

వచ్చిన ఆదివారం సంఘంలో సాక్ష్యాలు చెప్పించేటప్పుడు నాయకులను కాక పిల్లలను నిలబెట్టండి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, చూసినది ఒక్కటి. మనం వెళ్లిన ఊరివారి కష్టాలను పేర్లతో మైకులో చెప్పకూడదని ముందే చెప్పాలి. వారు ఆ మాటలు మనతో చెప్పారు, మన సంఘమంతటితో కాదు. రెండు వారాల లోపు ప్రతి నాయకుడూ తన గుంపులోని ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్లి అరగంట కూర్చోవాలి, తన నోట్‌బుక్‌ను సహాయకుని చేతిలో పెట్టాలి, ఎందుకంటే వచ్చే ఏడాది గుంపును నడిపేది ఆ సహాయకుడే.

ఏజెన్సీలో మలేరియా ఉంది, జ్వరం అక్కడే రావాలని లేదు, వచ్చిన కొన్ని వారాలకు కూడా బయటపడవచ్చు. నాలుగు వారాల పాటు, ప్రతి ఆదివారం సాయంత్రం, నాయకుడు తన గుంపులోని వారందరికీ ఫోన్ చేసి, చలి జ్వరం గాని, ఒంటి నొప్పులు గాని ఉన్నాయేమో అడగాలి. ఉన్నాయంటే, ఆ ఇంటివారితో మాట్లాడి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, పిల్లవాడు ఏజెన్సీకి వెళ్లివచ్చాడని ముందుగా చెప్పి రక్తపరీక్ష చేయించమనాలి. ఫోన్‌లో వారు ఇంకేదైనా చెప్పబోతే, తొందరపడకుండా వినాలి.